బాలింతల వార్డులో ఒక కమోడ్

కరోనా రెండో విడత వెళ్లిపోయిన తర్వాతి చలికాలంలో, మేడారం జాతర దగ్గర పడుతున్న రోజుల్లో, వరంగల్‌లోని ఒక ప్రభుత్వ దవాఖానలో బాలింతల వార్డుకు నన్ను హెడ్ నర్సుగా వేశారు. అప్పటికి నా సర్వీసు చివరికి వచ్చింది. మోకాళ్లు అరిగాయని, కూర్చుని చేసే పని ఏదైనా ఇప్పించమని అడిగాను. నర్సింగ్ సూపరింటెండెంట్ మేడం నా మాట పూర్తిగా విని, తల ఊపి, దవాఖాన మొత్తంలో కూర్చోవడానికి తీరిక దొరకని వార్డు ఏదో అదే ఇచ్చారు.

హెడ్ నర్స్ అంటే పెద్ద హోదా అనుకుంటారు బయటివాళ్లు. స్టాఫ్ నర్సుల కంటే ఒక మెట్టు పైన ఉంటాం, అంతే. మందులు, దుప్పట్లు, ఎవరు ఏ షిఫ్టుకు రావాలన్నది మా బాధ్యత. చీపురు మాత్రం మా చేతిలో ఉండదు. ఊడ్చి, కడిగే పని ఒక ఏజెన్సీకి అప్పగించారు. ఆ ఏజెన్సీ ఆర్.ఎం.ఓ. గారి కింద ఉంటుంది. ఆర్.ఎం.ఓ. అంటే వైద్యం సంగతి కాకుండా నీళ్లు, కరెంటు, కాపలా, పారిశుధ్యం వంటివి చూసుకునే డాక్టరు. వార్డు కంపు కొడితే మాట పడేది హెడ్ నర్సు. ఆ కంపు పోగొట్టే మనిషికి పని పురమాయించే అధికారం మాత్రం ఆమెకు లేదు. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఈ లెక్క నాకెప్పుడూ అర్థం కాలేదు. చివర్లో అర్థం చేసుకునే ఓపిక కూడా పోయింది.

మా వార్డు చివర వరసగా మరుగుదొడ్లు ఉండేవి. అన్నీ కింద కూర్చునేవే, ఆఖరిది ఒక్కటే కమోడ్. ఆపరేషన్ అయిన బాలింతల కోసం దాన్ని పెట్టించారు. సిజేరియన్ తర్వాత కొంతసేపు యూరిన్ పైపు ఉంచుతాం. అది తీసేశాక మనిషి తనంతట తాను లేచి నడవాలి, తనంతట తాను మూత్రానికి వెళ్లాలి. పొట్ట మీద కుట్లతో కింద కూర్చుని లేవడం ఎంత నరకమో పడినవాళ్లకే తెలుసు. నెక్కొండ, మరిపెడ వైపు నుంచి వచ్చే ఆడపిల్లల్లో కొందరు కమోడ్ చూసి మొదట వద్దనేవాళ్లు. ఒక్కసారి కూర్చున్నాక ఇక దాన్ని వదిలేవాళ్లు కాదు.

కానీ చూడటానికి అది అసహ్యంగా ఉండేది. నీళ్లు నిలిచే చోట పసుపు వలయం, అంచు కింది నుంచి గోధుమరంగు చారలు. నిజానికి అది మలినం కాదు, వాసన కూడా లేదు. మా ట్యాంకుకు ఎక్కేది బోరు నీళ్లు. ఆ నీళ్లలోని సున్నం, ఇనుము కలిసి పళ్లకు పట్టిన గార లాగా పింగాణీకి పట్టుకున్నాయి. చూసేవాళ్లకు ఆ తేడా ఎలా తెలుస్తుంది? ఎవరో కడగలేదనే అనుకుంటారు.

మా వార్డులో కడిగే మనిషి యాకమ్మ. నోరు పెద్దది, మనసు మంచిది. ఆ మరకలను రుద్దీ రుద్దీ విసిగిపోయింది. “నేను రిటైరైపోత గానీ గిది పోదు సిస్టర్. గీ కమోడు ఉన్నన్ని దినాలు ఇది ఉంటది” అనేది.

ఒకరోజు ఆర్.ఎం.ఓ. గారు రౌండ్‌కు వచ్చారు. దవాఖానల శుభ్రతకు మార్కులు వేసే బృందం జాతరకు ముందే హైదరాబాద్ నుంచి వస్తోందని చెప్పారు. కమోడ్ తలుపు తీసి చూసి ముక్కు మీద వేలు పెట్టుకున్నారు. వాళ్లు వచ్చేలోగా ఇది తెల్లగా అయినా కావాలి, లేదా తాళం వేసి ‘రిపేరులో ఉంది’ అని కాగితం అయినా అంటించాలి అన్నారు. ఆపరేషన్ అయినవాళ్లకు ఇదొక్కటే దిక్కు సార్ అన్నాను. “అందుకే గదా సిస్టర్ ముందే చెప్తున్న, చేయించండి” అని పక్క వార్డుకు వెళ్లిపోయారు.

ఆయన అన్నది ఆయన సొంత తెలివి కాదు. తనిఖీ అంటే మా దవాఖానల్లో ఒక పద్ధతి ఉంది. బీరువాలో దాచిన కొత్త దుప్పట్లు ఆ రోజు పొద్దున బయటికి వస్తాయి, సాయంత్రానికి మళ్లీ లోపలికి పోతాయి. మేం వాటిని ఇన్‌స్పెక్షన్ దుప్పట్లు అనే పిలిచేవాళ్లం. గోడల మీద తమలపాకు ఉమ్ముల్ని సున్నంతో కప్పుతారు. బాగులేని మరుగుదొడ్డికి తాళం వేస్తారు. వచ్చినవాళ్లు తాళం చూసి ముందుకు వెళ్తారు. తాళం వేసినదానికి మార్కులు తగ్గవు. తెరిచి ఉండి మరకలుంటేనే తగ్గుతాయి.

మరక పోతేనే తలుపు తెరిచి ఉంటుందన్నది నాకు స్పష్టమైంది. పోగొట్టక తప్పదు.

మర్నాడు ఏజెన్సీ సూపర్‌వైజర్ శ్రీహరి ఒక యాసిడ్ సీసా పట్టుకుని వచ్చాడు. అతనికి అన్ని మరకలకూ ఒకటే మందు. నేను ఒప్పుకోలేదు. ఆ గదిలో అప్పుడే బ్లీచింగ్ పౌడర్ చల్లి ఉంది. దాని మీద యాసిడ్ పడితే లేచే గాలి గొంతు పట్టేస్తుంది, ఊపిరితిత్తులను కాలుస్తుంది. తలుపు అవతల పసిగుడ్లు పడుకుని ఉన్నారు. అది ఒక్కటే కాదు, యాసిడ్ మాటిమాటికీ పోస్తే పింగాణీ పైనున్న నునుపు పోతుంది. గరుకు తేలిన చోట గార ఇంకా తొందరగా పడుతుంది. ఈసారికి తెల్లబడుతుంది, వచ్చేసారికి ముందుకంటే నల్లబడుతుంది.

“అన్ని వార్డులల్ల గిదే పోస్తానం మేడం, ఎవ్వరికేం కాలే” అన్నాడు శ్రీహరి.

“నా వార్డుల పొయ్యవు” అన్నాను. సీసా మూత బిగించి అతని చేతికే ఇచ్చాను.

మా ఇంట్లోనూ బోరు నీళ్లే. ఆ గారతో ఏళ్ల తరబడి కుస్తీ పట్టినదాన్ని. బ్లీచింగ్ పౌడర్ క్రిములను చంపుతుంది, రంగును పీకుతుంది గానీ సున్నపు గారను కరిగించలేదు. దాన్ని కరిగించేది పులుపు. వెనిగర్ వాడవచ్చు, నిమ్మ ఉప్పు ఇంకా చవక, ఇంకా గట్టిది. పులిహోరకు, షర్బత్తుకు వేసే ఉప్పే. చౌరస్తా దగ్గర మాకు తెలిసిన కిరాణా సేటు దుకాణానికి పోయి అడిగాను. ఆయన పొట్లం కడుతూ, “గింత నిమ్ముప్పు ఏం జేస్తరు సిస్టర్? మీ చర్చిల పులిహోర పండుగేమన్న ఉన్నదా?” అన్నాడు. ఎందుకో చెప్పాను. పొట్లం ఇచ్చేటప్పుడు చెయ్యి కొంచెం దూరంగా పెట్టాడు.

ఈ పనిలో ముందు తెలుసుకోవాల్సింది వరస. బ్లీచింగ్ చల్లిన రోజు నిమ్మ ఉప్పు ముట్టుకోకూడదు, అది కూడా ఆమ్లమే. అందుకని ముందురోజు బ్లీచింగ్ మాన్పించి, కమోడ్‌ను ఉత్త నీళ్లతో బాగా కడిగించాను. మధ్యాహ్నం భోజనాలయ్యి బాలింతలు నడుం వాల్చే వేళ పని మొదలుపెట్టాం. అవసరమైనవాళ్లకు మంచం దగ్గరే బెడ్‌పాన్ పెట్టాం. బకెట్ నీళ్లు ఒక్క ఊపున పోస్తే కమోడ్‌లో నిలిచిన నీళ్లు మెడ దాటి కిందికి దిగుతాయి. మిగిలినవి యాకమ్మ మగ్గుతో తోడేసింది. ఇది చేయకపోతే మనం పోసిన మందు ఆ నీళ్లలో పలచబడి, గారకు తగలదు. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. నిండా నీళ్లున్న కమోడ్‌లో సీసా ఒంపి, పనిచేయలేదని సీసాను తిట్టుకుంటారు.

వేడి నీళ్లలో నిమ్మ ఉప్పు చిక్కగా కలిపాం. మరీ మరిగే నీళ్లు పోస్తే పింగాణీ చిట్లుతుంది, చెయ్యి కాలనంత వేడి చాలు. పాత చీర ముక్కలు అందులో ముంచి, వలయం మీద పరిచాం. అంచు కింద చారలున్న చోట వత్తుల్లాగా దూర్చాం. తడి ఆరకుండా మధ్యమధ్యన మళ్లీ పోస్తూ ఉన్నాం. యాకమ్మ గ్లవుజులు వేసుకుని, ముక్కుకు కొంగు కట్టుకుని, “ఏంది సిస్టర్, గీనికి జ్వరమొచ్చిందా, తడి గుడ్డలు ఏస్తానం?” అని నవ్వింది.

ఆమె మనవరాలు సెల్‌ఫోన్‌లో వీడియో చూపించిందట. అందులో వెనిగర్ పోసి వెంటనే వంట సోడా వేశారట, బుస్సున నురగ పొంగిందట. మనమూ వేద్దామంది. వద్దన్నాను. పులుపు, సోడా కలిస్తే ఒకదాన్ని ఒకటి చంపుకుంటాయి. నురగ చూడటానికి బాగుంటుంది, గారకు ఏమీ కాదు. సోడా వాడాలంటే ఆఖరున, పులుపంతా కడిగేశాక, తడి బ్రష్ మీద వేసి రుద్దాలి.

సాయంత్రం చీర ముక్కలు తీసేసరికి గార మెత్తబడింది. నైలాన్ బ్రష్‌తో రుద్దితే పెచ్చులు పెచ్చులుగా ఊడింది. మొండికేసిన చోట కాళ్లు తోముకునే నురగరాయిని నీళ్లలో నానబెట్టి, మెల్లగా రుద్దాం. పొడిగా రుద్దితే గీతలు పడతాయి. ఒక్క రోజులో మొత్తం పోలేదు. మళ్లీ ఇంకో మధ్యాహ్నం, ఇంకో మధ్యాహ్నం అదే పని. వంగి వంగి నా నడుం పట్టేసింది. ఇంటికి పోయి వేడి నీళ్ల సంచి పెట్టుకుని పడుకునేదాన్ని. ఈ వయసులో, ఈ హోదాలో ఇదేం పనే తల్లీ అని నా మీద నాకే జాలేసేది. కానీ చివరికి అంచు కింద ఒక సన్నని గీత తప్ప అంతా తెల్లబడింది. యాకమ్మ అందరినీ పిలిచి చూపించింది. ఒక బాలింత తల్లి, మా ఇంట్లో అన్నం తినే పళ్లెం కూడా ఇంత తెల్లగా లేదు అంది.

ఆర్.ఎం.ఓ. గారు వచ్చి చూసి నిజంగా సంతోషించారు. పక్కనున్న వాళ్లతో సిస్టర్‌ను చూసి నేర్చుకోండి అన్నారు. నాకూ గర్వంగా అనిపించింది.

ఆ మర్నాడు నేను డ్యూటీకి వచ్చేసరికి కమోడ్ గదికి తాళం ఉంది.

“శ్రీహరి ఏసిండు సిస్టర్” అంది యాకమ్మ. “ఆర్.ఎం.ఓ. సారు చెప్పిండట. తనికీ అయ్యేదాక ఎవ్వలు పోవద్దట, మళ్ల ఖరాబైతదట.”

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మరకలున్నంత కాలం ఆ తలుపు తెరిచే ఉంది. తెల్లగా చేసినందుకు మూసేశారు. ఆర్.ఎం.ఓ. గారి దగ్గరికి వెళ్లాను. ఆయన కోప్పడలేదు. జర ఓపిక పట్టండి సిస్టర్, ఒక్కసారి వాళ్లు వచ్చి పోతే తీసేద్దాం, ఇంత కష్టపడి చేసింది పాడైతే మీకే బాధ కదా అన్నారు. నా కష్టం మీద ఆయనకు అంత గౌరవం.

ఆ తర్వాత తనిఖీ వాయిదా పడింది. జాతర బందోబస్తు, జాతర వైద్య శిబిరాలు, అధికారులందరి చూపూ మేడారం వైపే. బృందం జాతర అయ్యాకే వస్తుందన్నారు. ఆర్.ఎం.ఓ. గారిని శిబిరం పనుల మీద మేడారం పంపించారు. అడవిలో ఫోను దొరికితే దొరికినట్టు, లేకపోతే లేదు. తాళం చెవి శ్రీహరి దగ్గరుంది. అతన్ని అడిగితే, “సారు తియ్యమంటె తీస్త మేడం. నాకు నౌకరి కావాలె గదా” అన్నాడు. అతని మాటలో తప్పు పట్టడానికి ఏముంది? నర్సింగ్ సూపరింటెండెంట్ మేడం దగ్గరికి పోతే, ఆయన తిరిగొచ్చేదాకా ఆగుదామమ్మా, మనకెందుకు లేనిపోని తలనొప్పి అన్నారు.

అప్పుడే సరిత సంగతి తెలిసింది. సరితది మరిపెడ దగ్గర పల్లె. తొలిచూలు, ఆపరేషన్ అయింది, ఆడపిల్ల. ఆమెకు తోడుగా తల్లి సోమక్క ఉంది. పొద్దున రౌండ్‌లో సరిత ఒళ్లు కాలుతోందని స్టాఫ్ నర్సు చెప్పింది. పాపకు పాలు సరిపోవడం లేదని సోమక్క గొణుగుతోంది. మంచం పక్కన నీళ్ల సీసా నిండుగా, మూత తీయకుండా ఉంది.

“మొన్న పోసిన నీళ్లే సిస్టరమ్మా” అంది సోమక్క. “ఎంత చెప్పినా తాగుతలేదు. మొండి పిల్ల.”

సరితను అడిగాను. ముందు తల అటు తిప్పుకుంది. మళ్లీ అడిగితే మెల్లగా చెప్పింది. “తాగితే పోవాల్సొస్తది గదా అక్కా. గా కింద కూసునుడు నాతోని అయితలేదు. మొన్న కూసుంటె కుట్లు పుటుక్కుమన్నయేమో అనిపిచ్చింది. గోడ పట్టుకోని ఏడ్సిన. అందుకే తాగుతలేను.”

మరి బెడ్‌పాన్ అడగొచ్చు కదా అన్నాను. పక్క మంచాల దగ్గర అందరి మొగోళ్లు, తండ్రులు వచ్చి పోతుంటారు, వాళ్ల ముందట ఎట్ల అక్కా అంది. మూత్రం పోసుకుంటుంటే మంట అని కూడా చెప్పింది.

డ్యూటీ డాక్టరమ్మ చూసింది. నీళ్లు లేక, మూత్రం ఆపుకోవడం వల్ల ఇన్‌ఫెక్షన్ మొదలైందంది. మందులు మార్చింది, సెలైన్ పెట్టమంది. రేపటికి తనంతట తాను సరిగా వెళ్లకపోతే మళ్లీ యూరిన్ పైపు వేయాల్సిందే అని రాసింది. తీసేసిన పైపు మళ్లీ వేయడమంటే కొత్త ఇన్‌ఫెక్షన్‌కు దారి తెరవడం, ఇంటికి పోవడం ఇంకా వెనక్కి జరగడం. ఆ మాట వినగానే సరిత పాపను దగ్గరికి లాక్కుని ఏడ్చింది. మిగతా మంచాల వైపు చూశాను. ఆపరేషన్ అయినవాళ్ల మంచాలన్నిటి దగ్గరా సీసాలు నిండుగానే ఉన్నాయి.

నాకు ఒళ్లు మండింది. ఆర్.ఎం.ఓ. గారికి ఫోన్ చేశాను, కలవలేదు. మళ్లీ చేశాను, కలవలేదు. ఇక ఎవరినీ అడగదలచుకోలేదు. దవాఖాన కార్పెంటర్ మొగిలిని పిలిపించాను. సన్నగా, పొడుగ్గా ఉంటాడు, ఏదీ తొందరగా ఒప్పుకోడు. తలుపు చూసి వెనక్కి తగ్గాడు.

“తాళం తియ్యొద్దన్నరట గదా సిస్టర్. నా మీదికొస్తది.”

“తాళం ముట్టకు” అన్నాను. “తాళం వేసింది వేసినట్టే ఉండాలె. కొండి స్క్రూలు ఊడదియ్యి.”

మొగిలి ఒక్క క్షణం నా మొహం చూసి, నవ్వాపుకుంటూ స్క్రూడ్రైవర్ తీశాడు. కొండి, దానికి వేలాడుతున్న తాళం కలిపి నా చేతిలో పెట్టాడు. దాన్ని నా టేబుల్ సొరుగులో పడేశాను. తలుపు తెరుచుకుంది.

సరితను నేను ఒక పక్క, సోమక్క ఒక పక్క పట్టుకుని తీసుకుపోయాం. తలుపు దగ్గరగా వేసి బయట నిలబడ్డాం. లోపలి నుంచి ఏ చప్పుడూ లేదు. సోమక్క నా చెయ్యి పట్టుకుంది. చాలాసేపటికి నీళ్ల చప్పుడు వినిపించింది. సోమక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకూ కళ్లలో నీళ్లు వచ్చాయి. ఒక మనిషి మూత్రానికి వెళ్లిందని ఏడవాల్సిన ఉద్యోగం మాది.

మంచం మీదికి రాగానే సరిత సీసా మూత తీసి తాగడం మొదలుపెట్టింది. నింపాదిగా తాగు తల్లీ అన్నా ఆగలేదు. జ్వరం తగ్గింది, మళ్లీ పైపు వేయాల్సిన అవసరం పడలేదు. డిశ్చార్జ్ అయిన రోజు పాపను ఎత్తుకుని తనే నడిచి ఇంటికి వెళ్లింది.

జాతర అయ్యాక బృందం వచ్చింది. వార్డు నిండా ఇన్‌స్పెక్షన్ దుప్పట్లు పరిచి ఉన్నాయి. అప్పటికి కమోడ్‌లో వలయం మళ్లీ లేత పసుపుగా తేలింది. బోరు నీళ్లు మారలేదు కదా, అంతమంది వాడుతుంటే తేలకుండా ఎలా ఉంటుంది? యాకమ్మతో నిమ్మ ఉప్పు నానబెట్టిస్తూనే ఉన్నాను గానీ, జాతర రద్దీలో ఒక వారం కుదరలేదు. వచ్చినవాళ్లలో ఒకాయన కమోడ్ చూసి కాగితం మీద ఏదో రాసుకున్నాడు. మార్కులు తగ్గాయి. పక్క వార్డులో తాళం వేసిన గది ముందు నుంచి వాళ్లు ఆగకుండా వెళ్లిపోయారు.

నాకు మెమో వచ్చింది. మెమో అంటే సంజాయిషీ అడిగే కాగితం. అనుమతి లేకుండా ప్రభుత్వ ఆస్తిని ఎందుకు తొలగించారో చెప్పమన్నారు. ఆస్తి భద్రంగా ఉందని, తాళం వేసినది వేసినట్టే ఉందని రాసి, కొండిని, తాళాన్ని కవర్‌లో పెట్టి జవాబుతో పాటు పంపాను. ఆర్.ఎం.ఓ. గారు నాతో కొన్నాళ్లు మాట్లాడలేదు. ఆయన చెడ్డవాడు కాదు. ఆయనను మార్కులు అడిగేవాళ్లు ఉన్నారు, సరిత నీళ్లు తాగుతోందా లేదా అని అడిగేవాళ్లు ఒక్కరూ లేరు. రిటైరయ్యే లోపు నన్ను ఇంకో వార్డుకు మార్చారు. నేను వెళ్లాక ఆ తలుపుకు కొత్త కొండి బిగించారని యాకమ్మ ఫోన్‌లో చెప్పింది. నాకు ఆశ్చర్యం కలగలేదు. చాలా అలసటగా అనిపించింది.

కొత్తగా ఉద్యోగంలో చేరిన నర్సులు కొందరు అప్పుడప్పుడు ఇంటికి వస్తారు. వార్డు శుభ్రంగా ఉందో లేదో ఎలా తెలుసుకోవాలని అడుగుతారు. గారకు నిమ్మ ఉప్పు ఎలా వేయాలో చెప్తాను, బ్లీచింగ్‌తో యాసిడ్ కలపొద్దని చెప్తాను. ఆ తర్వాత, వార్డులో అడుగుపెట్టగానే మరుగుదొడ్డి దాకా పోనవసరం లేదంటాను. బాలింతల మంచాల పక్కన సీసాలు చూడండి. నీళ్లు నిండుగా ఉంటే, ఎక్కడో ఒక తలుపు మూసి ఉందని అర్థం.